వెంపలి పైరు

ఆ ఏడు మా చేను చూసి నవ్వని మనిషి లేడు.

ప్రత్తిపాడుకు దక్షిణాన మా ఊరు. చుట్టూ నల్లరేగడి చేలు. ఎండాకాలం వచ్చేసరికి వాటిలో గుంటక తోలి, గడ్డిపరక లేకుండా చదును చేసి, తొలకరి కోసం సిద్ధంగా ఉంచుతారు. ఇంట్లో గంజి కాగకపోయినా సరే, చేలో కలుపు కనిపించకూడదు. అదీ మా వైపు రైతు పరువు. అలాంటి చేల మధ్య, వాగు ఒడ్డున మా ఎకరం ఇరవై సెంట్లు మాత్రం మోకాలెత్తు వెంపలి మొక్కలతో, కాళ్లకు చుట్టుకునే గరికతో, గట్టు పొడుగునా రెల్లు దుబ్బులతో తలదువ్వని పిల్లలా ఉండేది.

మా ఇంటి పేరు మీద ఎప్పుడైనా భూమి అంటూ ఉందంటే అదే. మా మామ, ఆయన తండ్రి, ఆ పైవాళ్లు, అందరూ ఇంకొకరి చేలో వంగినవాళ్లే. సర్కారు బంజరు పంచినప్పుడు మా ఆయన ఏసోబు పేరున పట్టా వచ్చింది. వచ్చిన ఏడే ఆశ్వయుజంలో వాగు పొంగింది. నీళ్లు తీశాక పోయి చూస్తే రేగడి లేదు. చేను మొత్తం జానెడు మందాన ఇసుక మేట వేసింది.

పట్టా కాగితంలో ఒక షరతు ఉంది. మూడేళ్లలోపు సాగులోకి తేవాలి, లేకపోతే సర్కారు వెనక్కి తీసుకుంటుంది. ఇంట్లో ఆ కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ భయం కూడా ముందు నాకే పట్టుకుంది.

నాకసలే భయం ఎక్కువ. మూడో ఏడు ఎండాకాలానికి మా సువార్తకు ఎనిమిది నెలలు. పిల్ల నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉండేదాన్ని. మా అత్త అంకమ్మ చూసి, "దాన్ని పడుకోనియ్యవే కుమారీ. నీ వేలికి బెదిరి అది ఊపిరి బిగబట్టుద్ది" అనేది.

ఆ అత్తే రెండేళ్లుగా చేలో నాగలి పెట్టనివ్వలేదు.

"అది బాలింత నేలరా" అంది కొడుకుతో. "బాలింతను కోతకు దించుతామా? పథ్యం పెడతాం, వేణ్ణీళ్లు పోస్తాం, లేచి తిరిగిందాకా కాసుకుంటాం. ఇదీ అంతే."

మొదట పల్లేరు వచ్చింది. ఇసుక మీద పరుచుకుని, పచ్చటి పూలు పూసి, కాలు పెడితే ముల్లు. దాన్ని చూసి అత్త సంబరపడింది.

"ముళ్లకు సంబరమేంటత్తా?"

"ఏదీ రానిచోట ఏదో ఒకటి వచ్చింది గదే. ఆకలి మీదున్న నేలకు పల్లేరే దిక్కు. ఇసుకను గోళ్లతో పట్టుకుంటది."

తర్వాత గరిక పాకింది. ఒడ్డున రెల్లు లేచింది. వాగు మళ్లీ పారినప్పుడు ఆ రెల్లు దుబ్బుల్లో ఒండ్రు ఆగింది. రెండో ఏడు వానలకు గరికలోంచి వెంపలి తల ఎత్తింది.

నేను గుంటూరు మిషను బోర్డింగులో ఏడో తరగతి సగం దాకా చదివాను. ప్రకృతి పాఠంలో మా టీచరమ్మ, వట్టి బండ మీద ముందు పాచి పడుతుందనీ, పాచి చచ్చి మన్నవుతుందనీ, ఆ మన్నులో గడ్డి మొలుస్తుందనీ చెప్పింది. గడ్డి దగ్గర ఉండగా మా అమ్మ పోయింది. నాన్న వచ్చి పెట్టె సర్దుకోమన్నాడు. గడ్డి తర్వాత ఏమొస్తుందో తెలియకుండానే నా చదువు అయిపోయింది. మిగతా పాఠం అత్త దగ్గర విన్నాను.

"గడ్డి తర్వాత వెంపలి" అంది వేళ్లు మడుస్తూ. "వదిలేస్తే తంగేడు. ఇంకా వదిలేస్తే రేగు. ఆఖర్న తుమ్మ. తుమ్మ వచ్చిందంటే ఇక అది అడివే."

"మరి మనం ఎందాకా ఆగాలి?"

"రైలు తెనాలి దాకా పోద్దని మనమూ తెనాలి పోతామా? మనకు మధ్యలో వేజెండ్లలో పని. వెంపలి పూసిన్నాడు దిగటమే."

వినడానికి బాగానే ఉంది. కానీ వెంపలి బాగా పూసేది శ్రావణంలో. మూడేళ్ల గడువు లెక్క చూడటానికి సర్కారు మనిషి వచ్చేది కార్తీకంలో. మధ్యలో మిగిలేవి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ఏం పండుతుంది, ఎవరికి చూపిస్తాం? నేను వేళ్లు మడిచినప్పుడల్లా లెక్క తప్పేది.

వైశాఖంలో ఒక పొద్దున పక్క చేను ఆసామి పానకాలు గారు గట్టు మీద నిలబడి ఏసోబును కేకేశాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు పాలేళ్లు. నేను పిల్లను చంకనేసుకుని చెలమలో నీళ్లు తోడుతున్నాను.

"ఒరేయ్ ఏసోబూ, చేనా ఇది, బందెలదొడ్డా?"

"అమ్మ ముట్టనియ్యటం లేదయ్యా."

"అమ్మ ముట్టనియ్యకపోతే నీ పెళ్లానికి పిల్ల ఎట్టా పుట్టిందిరా?"

పాలేళ్లు పగలబడ్డారు. ఏసోబు కూడా నవ్వబోయాడు గాని మొహం సహకరించలేదు. నేను బిందె మీదికి వంగాను.

"నవ్వులకు కాదు" అన్నాడు పానకాలు గారు. "నీ కలుపు గింజలు గాలికి నా మిరప చేలోకి వస్తన్నాయి. అడంగల్లో కరణం గారు నీది బీడని రాసేశారంట. కార్తీకంలో అజమాయిషీకి ఇనస్పెక్టరు వచ్చి పైర్లు చూస్తాడు. బీడు కనపడిందో, పట్టా పోయినట్టే. రేపు నా కాడి తోలుకో. గుంటక కూడా ఇస్తా. ఈ కంప చూడలేక నా కళ్లు పోతన్నాయి."

ఆయన చెడ్డవాడేం కాదు. అరక అడక్కుండా ఇచ్చాడు. అదే మాకు వచ్చిన చిక్కు.

మర్నాడు నేనూ అత్తా గంజి తీసుకుని పోయేసరికి ఏసోబు సగం చేను గుంటక తోలేశాడు. తెల్లవారకముందే మొదలుపెట్టినట్టున్నాడు. పడమటి సగమంతా వెంపలి వేళ్లతో సహా లేచి పడి ఉంది. చూడటానికి, నిజం చెప్పాలంటే, శుభ్రంగా ఉంది. నా ప్రాణం కూడా కొంత కుదుటపడింది.

అత్త గంజి ముంత గట్టు మీద పెట్టి, తూర్పు సగంలోకి నడిచి వెంపలి మధ్యన కూర్చుంది. ఎడ్లు ఆమెకు నాలుగు అడుగుల దూరంలో ఆగాయి.

"అమ్మా, లే."

"లేవను."

"ఎండ ముదురుతోంది."

"ఎండ నాకు కొత్తా? నీ మీద అలిగి కూసున్న ఎండలన్నీ కలిపితే నాలుగు పుట్లు అవుతయ్."

"ఊరంతా నవ్వుతన్నారే."

"నవ్వేవాడి పళ్లు ఎండుతయ్. నేలకేం కాదు."

ఏసోబు ములుగర్ర కింద పారేశాడు. "గడువుందే అమ్మా. కార్తీకం దాకానే. నా మాట నమ్మకపోతే కుమారిని అడుగు. అదే చదివింది. కుమారీ, నువ్వు చెప్పు. కాగితంలో ఏముందో అమ్మకు చెప్పు."

ఇద్దరూ నా వంక చూశారు. ఎడ్లు కూడా చూస్తున్నట్టే అనిపించింది. గడువు పేరు చెప్పి రెండేళ్లుగా ఇంట్లో అందరినీ సతాయించింది నేనే. ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు, అత్త లేస్తుంది, చేను శుభ్రమవుతుంది, తొలకరికి ఏదో ఒకటి పడుతుంది.

అప్పుడే పడమటి గాలి లేచింది. గుంటక తోలిన సగంలోంచి ఇసుక సన్నగా పొగలా లేచి మా మీదికి వచ్చింది. సువార్త కళ్లు నలుపుకుని ఏడుపందుకుంది. నేను వెనక్కి, వెంపలిలోకి జరిగాను. అక్కడ ఇసుక లేవలేదు. పాదాల కింద రాలిన ఆకు మెత్తగా, చల్లగా ఉంది.

"సాగులోకి తేవాలని ఉంది" అన్నాను. "ఫలానా రోజుకు దున్నాలని లేదు."

ఆ మాట అన్నది నేనేనా అనిపించింది. అని, పిల్లకు కొంగు కప్పుకుని అత్త పక్కన కూర్చున్నాను. కూర్చునే ముందు పుల్లతో నేల కొట్టి పురుగూ పుట్రా లేదని చూసుకున్నాను లెండి.

ఏసోబు ములుగర్ర తీసుకున్నాడు. తర్వాత ఎడ్లను మళ్లించుకుని పోయాడు. నాలుగు రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు.

తొలకరికి తన సగంలో పెసలు చల్లాడు. మొలకలు ముచ్చటగా వచ్చాయి. వాన వెనక్కి తగ్గి పది రోజులు గాడ్పు కొట్టింది. ఎగిరే ఇసుక లేత ఆకులను గీరి గీరి చంపింది. మిగిలిన నాలుగు మొక్కలను ఆ తర్వాత వచ్చిన జడివాన కోసుకుపోయింది. పట్టి ఉంచే వేరు లేక, చేలో నడుముదాకా గండి పడింది. ఆషాఢం చివరికి అక్కడ మళ్లీ పల్లేరు మొలిచింది. నేల చదివిందంతా మరిచిపోయి అఆల దగ్గరికి వచ్చినట్టయింది.

అత్త ఒక్క మాట దెప్పలేదు. అదే ఏసోబుకు ఎక్కువ కష్టంగా ఉండేది.

మా సగంలో శ్రావణానికి వెంపలి ఊదారంగు పూత పూసింది. అత్త ఒక మొక్క పీకి, వేరు దులిపి నా అరచేతిలో పెట్టింది. వేరు పొడుగునా చిన్న చిన్న గింజలు అంటుకుని ఉన్నాయి.

"చూడు, వేరుకు సగ్గుబియ్యం కట్టింది. ఇదే నేలకు బలం. ఎందుకని అడక్కు, నాకు తెలవదు. మా అమ్మ చూపించింది, నేను నీకు చూపించా."

మొక్క లేచిన చోట ఇసుక ఇసుకలా లేదు. నల్లగా మారి, పిడికిట పడితే ముద్దయింది. వానపాములు తోసిన మట్టి గుళ్లు గుళ్లుగా ఉంది. అత్త ఆ ముద్దను వాసన చూసి, "దిగుదాం" అంది.

ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే ఏసోబు పానకాలు గారింటికి పోయి కాడి తోలుకొచ్చాడు. వెంపలి కోసి, తొక్కి, దున్ని మన్నులో కలిపాం. నాగలి కర్రు ఇసుక దాటి కింద రేగడిని తాకినప్పుడు ఆ నలుపు పైకి తిరగబడింది. ఏసోబు ఆగి చూశాడు. మూడేళ్ల తర్వాత తన భూమి తనకు కనబడింది. ఇరవై రోజులు కుళ్లనిచ్చి, పానకాలు గారి మడిలో మిగిలిపోయిన మిరప నారు తెచ్చి నాటాం.

నాటిన వారానికి ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే చేనికి పోయాను. పడమటి సగంలో ఏసోబు పల్లేరు మధ్యన నడుస్తూ, పంచె మడతలోంచి గుప్పిళ్లు తీసి ఏదో చల్లుతున్నాడు. మళ్లీ పెసలేనేమో అనుకున్నాను. దగ్గరికి పోతే చిన్న చిన్న నల్ల గింజలు.

"ఏంటయ్యా అవి?"

దొంగతనం చేస్తూ దొరికినట్టు చూశాడు. "వెంపలి."

"ఎక్కడివి?"

"పనికి పోతా వస్తా బాట పక్కన కాయలు దూసుకొచ్చా. పైతోలు గట్టిది, ఇసుకలో రుద్దితే గాని మొలవదు. రుద్దా." చేతులు చూపించాడు. అరచేతులు గీసుకుపోయి ఉన్నాయి. "ఎవరికీ చెప్పమాక. కలుపు పీకే కూలోడు కలుపు చల్లాడంటే ఊళ్లో తల ఎత్తుకోనియ్యరు."

"అత్తకు?"

"అమ్మకు అసలు చెప్పమాక. చచ్చిందాకా దెప్పుద్ది."

నేను చెప్పలేదు. అంత భయస్తురాలినైనా, ఆ రాత్రి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టడం మరిచిపోయి పడుకున్నాను.

కార్తీకంలో అజమాయిషీకి ఇన్స్పెక్టరు గారు వచ్చారు. వెంట కరణం గారు చంకలో అడంగల్ పుస్తకంతో, ఆ వెనక పానకాలు గారు, ఊళ్లో మరో పదిమంది. మేం ముగ్గురం గట్టు దిగి నిలబడ్డాం. సువార్త నా భుజం మీద.

తూర్పు సగంలో మిరప మోకాటికి వచ్చి పిందె పట్టింది. ఇన్స్పెక్టరు గారు ఒక కొమ్మ ఎత్తి చూసి, "బాగుంది" అన్నారు. తర్వాత పడమటి సగం చూసి, "అదెవరిది?" అన్నారు.

"అదీ ఇదే సర్వే నంబరండి" అన్నారు కరణం గారు. "మూడేళ్లుగా బీడే."

"అయితే సాగైన సగానికి పట్టా ఉంచుదాం. ఆ సగం వెనక్కి తీసుకున్నట్టు రాయండి."

అత్త ముందుకొచ్చింది. "ఒక రెండేళ్లు ఆగండయ్యా. అదీ దీని దారిలోనే వచ్చుద్ది. ఈ సగం అట్టాగే వచ్చింది."

"ఆగటానికి రూలు లేదమ్మా."

నేను కాగితం తెచ్చుకున్నాను. పిల్ల వీపు మీద ఆనించి పట్టుకుని, "సాగులోకి తేవాలని ఉందండి" అన్నాను.

ఆయన విసుక్కోలేదు. "నిజమేనమ్మా. కానీ దానంతటది మొలిస్తే కలుపు, మనిషి చల్లితే పైరు. సాగు అంటే అదీ. ఇప్పుడు ఇందులో ఉన్నవాటిలో ఎవరైనా ఏమైనా చల్లారా?"

నాకు తెలుసు. ఏసోబుకు తెలుసు. నేను నోరు తెరిస్తే భూమి నిలబడుతుంది. కానీ ఆ మాట నేను చెబితే, పెళ్లాం వెనక దాక్కున్నాడని ఊరు ఇంకో పదేళ్లు చెప్పుకుంటుంది. ఏసోబు వంక చూశాను. ఆయన పానకాలు గారి వంక చూశాడు, తర్వాత తన పాదాల వంక.

"నేను చల్లానండి."

"ఏం చల్లావు?"

"వెంపలండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పానకాలు గారు నుదురు కొట్టుకున్నాడు. "వైశాఖంలో నా గుంటకతో పీకింది అదే గదరా?"

"అవునయ్యా" అన్నాడు ఏసోబు. ఈసారి తల ఎత్తే అన్నాడు. "పీకింది నేనే, చల్లిందీ నేనే. అమ్మ ఆగిన సగంలో మిరప ఉంది. నేను ఆగలేని సగంలో గండి ఉంది. మీరే చూడండి. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది, అందుకని చల్లాను."

ఇన్స్పెక్టరు గారు పల్లేరు తప్పించుకుంటూ లోపలికి పోయి వంగారు. ముళ్ల తీగల మధ్య వేలెడంత వెంపలి మొలకలు, మనిషి నడిచి చేయి విసిరినట్టు వంపులు వంపులుగా లేచి ఉన్నాయి. వాటంతటవి అలా మొలవవని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆయన లేచి చేతులు దులుపుకున్నారు.

"రాయండి కరణం గారూ."

"ఏమని రాయమంటారండి? పైర్లలో వెంపలి అని ఇంతవరకు ఎవరూ రాయలేదు."

"ఇంతవరకు ఎవరూ చల్లలేదేమో. చల్లాడుగా, రాయండి."

కరణం గారు పానకాలు గారి పాలేరు వీపు మీద పుస్తకం ఆనించి, బీడు అన్న మాట కొట్టేసి రాశారు. నేను తలకిందులుగా చదివి అత్తకు వినిపించాను. మిరప అరవై సెంట్లు. వెంపలి అరవై సెంట్లు. సాగుదారు ఏసోబు.

"మళ్లీ చదువు" అంది అత్త.

మళ్లీ చదివాను. కరణం గారు పుస్తకం మూసేశారు.

వాళ్లంతా పక్క చేలోకి పోయాక అత్త పడమటి సగంలోకి నడిచింది. ముళ్లను లెక్కచేయకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కో వంపు చూసుకుంటూ తిరిగింది. ఏసోబు గట్టు మీద నిలబడి, దెబ్బ కోసం చూస్తున్న పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు. నాకేమో ఆ మనిషిని కొత్తగా చూసినట్టుంది. పదిమందిలో తనదే తప్పని ఒప్పుకున్న మగవాణ్ని నేను అప్పటికి చూడలేదు. చూసింది మా ఇంట్లోనే.

అత్త తిరిగొచ్చింది. కళ్లు తుడుచుకోలేదు గాని ముక్కు చీదింది.

"ఒక చోట ఒత్తు, ఒక చోట పలచన" అంది. "వెంపలి చల్లటం కూడా చేతకాదు నీకు."

"వచ్చే ఏడు నువ్వు చూపించు" అన్నాడు ఏసోబు.